పిరమిడ్ల సారు, మా వెనక అర్ర

ఈజిప్టు పిరమిడ్లను ఎవరు కట్టారన్న సంగతి డెబ్బైల చివర్లో, శాలిబండలో, మేమున్న ఇంటి దివాన్‌ఖానాలో తేలిపోయింది. ఈజిప్టువాళ్లు మాత్రం కట్టలేదట. కట్టినవాళ్లు వారం వారం మారేవారు గాని ఈ ఒక్క మాట మారేది కాదు. ఒక ఆదివారం ఆకాశం నుంచి దిగినవాళ్లు కట్టేవారు. ఇంకో ఆదివారం సముద్రంలో మునిగిపోయిన ఏదో ఖండంవాళ్లు కట్టేవారు. శ్రావణమాసం వచ్చి ఇళ్లలో పూజలు ఎక్కువైతే మన ఋషులే వెళ్లి కట్టి వచ్చేవారు. పాపం ఈజిప్టువాళ్లు సొంత దేశంలో, సొంత ఎండలో, సొంత రాళ్ల పక్కన ఊరికే నిలబడి చూశారన్నమాట.

ఈ తీర్పులిచ్చే పెద్దమనిషిని మేము సంతోష్‌నగర్ సారు అనేవాళ్లం. కోస్తా నుంచి ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, సంతోష్‌నగర్‌లో ఇల్లు తీసుకుని, ఒక సర్కారు ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చునేవాడు. అదే ఆఫీసులో, ఆ కుర్చీ కిందనే, చిన్న కుర్చీలో మా ఓనరు కొడుకు కూర్చునేవాడు. అతనికి పిరమిడ్ల మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో ఇంతకంటే చెప్పనక్కర్లేదు. సారుకు కోళ్ల పెంపకం మీద మోజు ఉండి ఉంటే మా వాకిలంతా కోళ్లే తిరిగేవి.

ఆదివారం పొద్దున సారు స్కూటరు గల్లీ మలుపు తిరగగానే ఓనరు కొడుకు జంపఖానా దులిపి పరిచేవాడు. గల్లీలో ఖాళీగా కనబడిన నలుగురినీ పిలిచి కూర్చోబెట్టేవాడు. సారు సంచిలోంచి ఇంగ్లిషు పుస్తకం తీసేవాడు. ఆ రోజుల్లో అలాంటి పుస్తకాలు ఫుట్‌పాత్‌ల మీద కుప్పలుగా దొరికేవి. అట్ట మీద పిరమిడ్, దాని మీద బోర్లించిన పళ్లెం లాంటి విమానం, పళ్లెంలోంచి వెలుగు. పుస్తకంలో ఏమున్నదో ఎవరికీ తెలియదు. అట్ట చూడగానే అందరికీ నమ్మకం కుదిరేది.

మేము ఆ ఇంట్లో పేరుకు కిరాయిదారులం. వీధివైపు పెద్ద దర్వాజా, దాని పక్కన వచ్చినవాళ్లు కూర్చునే దివాన్‌ఖానా, లోపల ఓనరువాళ్ల గదులు, మధ్యలో బండలు పరిచిన వాకిలి. వాకిలి దాటి చివరికి పోతే ప్రహరీకి ఆనుకుని ఒక అర్ర, అంటే ఒంటి గది. అందులో అమ్మా నేనూ ఉండేవాళ్లం. బాపు నేను బడి చదువులో ఉండగానే జ్వరంతో పోయాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని జాకెట్లకు కాజాలు కుట్టేది. నేను ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. చరిత్ర చదివేదాన్ని. ఓనరమ్మకు మోకాళ్ల నొప్పులు కనుక ఆదివారం దివాన్‌ఖానాకు ఛాయ్ పట్టుకుపోయే పని నా మీద పడింది. అలా చేతిలో ట్రే, చెవుల్లో పిరమిడ్లు.

"మీరే ఆలోచించండి," అనేవాడు సారు, కప్పులో బిస్కట్ ముంచుతూ. "వాళ్లకు ఇనుము లేదు. క్రేన్లు లేవు. ఒక్కో రాయి ఏనుగంత బరువు. గోచీలు పెట్టుకుని ఎండలో తిరిగే కూలిజనం అంత పని చేశారంటే నమ్మడానికి మనమేమన్నా చిన్నపిల్లలమా?"

"ఎట్ల నమ్ముతం సార్," అనేవాడు ఓనరు కొడుకు. బిస్కట్ తెగి కప్పులో పడేది. సారు చెంచా అడిగేవాడు.

మొదటి కొన్ని వారాలు నేను విని ఊరుకున్నాను. గోచీ మాట విన్నప్పుడల్లా మాత్రం ఒళ్లు మండేది. గోచీ పెట్టుకున్నవాడికి చేతులుండవా? అప్పుడే మా కాలేజీలో పాత ఈజిప్టు పాఠం అయింది. మా లెక్చరరు ఏ సంగతి చెప్పినా, "దీనికి ఆధారం ఏమిటి?" అని మమ్మల్నే అడిగి చంపేది. ఆమె దగ్గర అలవాటైన నోరు ఒక ఆదివారం ఆగలేదు. ట్రే గడప మీద పెట్టేశాను.

"సార్, గా రాళ్లు తీసిన గనులు ఇంక గక్కడనే ఉన్నయి గద. సగం చెక్కి ఇడిశిపెట్టిన రాయి గూడ ఉన్నది. సమాధి గోడల మీది బొమ్మలల్ల పెద్ద విగ్రహాన్ని చెక్కబండి మీద పెట్టి జనం తాళ్లతోని గుంజుతున్నట్టు ఉన్నది, ముంగట ఒకాయన ఇసుకల నీళ్లు పోస్తుంటడు. పెద్ద పిరమిడ్ లోపట, పైన మూసేసిన సందులల్ల, పనోళ్లు ఎర్ర రంగుతోని తమ జట్ల పేర్లు రాసుకున్నరు."

సారు నవ్వాడు. చిన్నపిల్ల పాట పాడితే నవ్వినట్టు. "అవి తర్వాత ఎవరో రాసి ఉంటారమ్మా."

"మూసేసిన జాగలకు ఎవ్వరు పోలేరు గద సార్. తర్వాత ఎట్ల రాస్తరు?"

"నేనడిగేదీ అదే. ఎవరూ పోలేని చోటికి కూలీలు ఎలా పోయారు?"

దివాన్‌ఖానాలో తలలన్నీ మెచ్చుకోలుగా ఊగాయి. ఆ మాటలో తలా తోకా ఎక్కడున్నాయో వెతుక్కోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"సరే సార్," అన్నాను. "ఒక పిరమిడ్ సగం దాక ఒక వాలుల లేపి, కూలుతదేమో అని భయపడి, పైన వాలు తగ్గిచ్చిండ్రు. ఇప్పటికి వంకరగనే ఉన్నది. ఇంకోటి పైపొర జారిపోయి కుప్పవడ్డది. తప్పులు చేసుకుంట, సుదురాయించుకుంట నేర్సుకున్నరు. చుక్కలల్ల కెళ్లి దిగినోళ్లయితే గిన్ని తప్పులు ఎందుకు చేస్తరు?"

"వంకరవి మనుషులు చూసి కాపీ కొట్టినవమ్మా. తిన్నగా ఉన్నవి వాళ్లవి."

"వంకరది ముందుగాల కట్టిండ్రు సార్. తిన్నగున్నది తర్వాత. ముందే కాపీ ఎట్ల కొడ్తరు?"

"ముందనీ తర్వాతనీ ఎవరు చెప్పారు? ఆ చరిత్రకారులే కదా." సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడంటే వాదన అయిపోయిందని అర్థం.

"మరి చార్మినార్ ఎవరు కట్టిండ్రు సార్?"

"గది వేరే," అన్నాడు ఓనరు కొడుకు చప్పున. "నువ్వు పోయి చక్కెర తేపో."

చక్కెర తెచ్చాను. ఏం చేస్తాం. కానీ ఆ రోజు ఆ పెద్దమనిషి తర్కం నాకు పూర్తిగా బోధపడింది. ఆయనకు ఆధారాలతో పేచీ లేదు. పేద జనంతో పేచీ. వాళ్ల చేతి పని బాగుంటే అది వాళ్లది కాదు, బాగాలేకపోతే వాళ్లది. ఇంత సులువైన కొలబద్ద చేతిలో ఉన్నవాడు ఇక పుస్తకాలు చదవడం ఎందుకో నాకు తెలియదు.

అర్రకు వచ్చి అమ్మ దగ్గర ఆవేశపడ్డాను. అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు.

"వాళ్లు కడితేంది, వీళ్లు కడితేంది? నువ్వు వాళ్లతోని లొల్లి పెట్టుకోకు బిడ్డా. మనం ఉండేది వాళ్ల ఇంట్ల."

"వాళ్ల ఇంట్ల ఏందమ్మా? గీ అర్ర బాపు కట్టిండు గద."

"మెల్లగ మాట్లాడు," అంది అమ్మ. అర్ర మాట వస్తే అమ్మ గొంతు ఎప్పుడూ అలాగే తగ్గిపోయేది.

ఆ అర్ర కథ చెప్పాలి. బాపు చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్కగాజుల కార్ఖానాలో పని చేసేవాడు. లక్కను బొగ్గుల మీద కరిగించి, వేడిగా ఉండగానే వంచి గుండ్రం చేసి, అద్దం ముక్కలు అతికించడం ఆయన పని. నేను పుట్టకముందు వాళ్లిద్దరూ దర్వాజా పక్కన చిన్న గదిలో ఉండేవారు. ముసలి ఓనరుకు అప్పుడు జిల్లాలో నౌకరి. భార్యనూ కొడుకునూ అక్కడే పెట్టుకుని, ఏడాదికి ఎప్పుడో ఒకసారి వచ్చి ఇల్లు చూసుకుని పోయేవాడు. నేను నడక నేర్చి గదిలో కాలు పెట్టే చోటు లేకుండా చేస్తే, ఆయన వాకిట్లో నిలబడి బాపుతో అన్నాడట: "వెనక జాగ ఉత్తగనే ఉన్నది. చేతనైతే అర్ర ఏస్కో. నువ్వు కట్టుకుంటే నీదే. నీ ఇల్లాలు ఉన్నన్ని దినాలు నిన్నెవ్వడు లెవ్వమనడు." కాయితం గీయితం లేదు. పాతబస్తీలో అప్పుడు మాట ఇస్తే ఇచ్చినట్టే.

బాపుకు గోడ కట్టడం రాదు. గాజు వంచడం వచ్చు. అయినా జుమ్మా నాడు, అంటే శుక్రవారం, దుకాణాలకు సెలవు కనుక, ప్రతి జుమ్మాకు లుంగీ ఎగగట్టి మట్టి తొక్కి, రాయి మీద రాయి పేర్చి ఆ అర్ర లేపాడు. గోడ కింద లావు, పైన సన్నం, నడుమ కడుపొచ్చినట్టు ఉంటుంది. దర్వాజా చౌకట్టు ఒక పక్కకు ఒరిగి, తలుపు వేస్తే దానంతట అదే తెరుచుకునేది. అమ్మ తలుపుకు రాయి అడ్డం పెట్టేది. బాపు మాత్రం పని అయ్యాక వాకిట్లో నిలబడి, నవాబు దేవిడీ చూసినట్టు చూసుకునేవాడట.

ఆయన చేసిన అసలు ఘనకార్యం ఇంకొకటి ఉంది. మా గల్లీ మోరీల్లో పందికొక్కులు పిల్లుల సైజులో తిరిగేవి. మట్టిగోడ కనబడితే చాలు, తొవ్వి లోపలికి వచ్చేవి. గాజు పెంకు ఉన్నచోట పందికొక్కు మూతి పెట్టదని బాపు ఎక్కడో విన్నాడు. ఆయన పని చేసేది లాడ్ బజార్‌లో. దుకాణాల వెనక పగిలిన మట్టిగాజుల కుప్పలు. ఇంకేం, బస్తాలకు బస్తాలు మోసుకొచ్చి, మట్టిలో కలిపి గోడ నిండా వేసేశాడు. లోకంలో గాజుల పని చేసేవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. ఇంట్లో ముత్తైదువ ఉండగా ఎవరూ చేయకూడని పని కూడా.

ఒక జుమ్మా సాయంత్రం అమ్మ వచ్చి చూసింది. ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపువి, నీలివి, గోడ నిండా పగిలిన గాజులు. ఆడదాని చేతి గాజు పగిలితేనే అపశకునమని కళ్లకద్దుకుని చెట్టు మొదట్లో వేసే మనిషి అమ్మ. ఇప్పుడు ఆ పెంకుల మధ్య సంసారం చేయాలి. ఆమె ఏడ్చిన ఏడుపు, చేసిన రభస బాపు తర్వాత నాకు నవ్వుతూ చెప్పేవాడు. గోడ కూల్చడానికి మనసొప్పక, రెండువైపులా మందంగా సున్నం పూసి కప్పేశాడు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. ఇంటివాళ్లకు తెలిస్తే కూలగొట్టిస్తారని ఒక భయం. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని ఇంకో భయం.

తర్వాత కొన్నేళ్లకు బాపు పోయాడు. అమ్మ చేతి గాజులు తీసేశారు. ఆ రోజు నుంచి అమ్మ ఆ గోడకు వీపు ఆనించి కూర్చోవడం నేను చూడలేదు. నోటితో ఎప్పుడూ అనలేదు గాని, తన మొగుణ్ని ఆ గోడే మింగిందని ఆమె నమ్మింది. అందులోనే వండింది, అందులోనే కుట్టింది, అందులోనే నన్ను చదివించింది.

ముసలి ఓనరు రిటైరై కుటుంబంతో వచ్చి ఉన్నన్నాళ్లూ ఇచ్చిన మాట మీదే ఉన్నాడు. ఆయన పోయిన ఏడాది తిరగకుండానే కొడుకుకు వెనక జాగ మీద కన్ను పడింది. అర్ర పడగొట్టి స్లాబు వేసి పక్కా గదులు కట్టి కిరాయికి ఇస్తాడట. మాతో వచ్చి ఏమన్నాడంటే, "చిన్నమ్మా, గా అర్ర మా నాయిన మేస్త్రిని పెట్టి కట్టిపిచ్చిండు. మీ ఆయన దగ్గరుండి నిగరానీ చేసిండంతే. మీరు ఇంకో ఇల్లు చూసుకోండ్రి."

బాపు కట్టాడంటే అమ్మ బతికినన్నాళ్లూ ఆ చూరు ఆమెది. ముసలాయన కట్టించాడంటే మేము వీధిలో ఉన్నట్టే. కాజాలు కుట్టే అమ్మనూ కాలేజీ పిల్లనూ నమ్మి ఇంకో ఇల్లు ఇచ్చేదెవరు? మాట ఇచ్చినవాడూ లేడు, పుచ్చుకున్నవాడూ లేడు. అర్ర కట్టేనాటికి ఓనరమ్మా కొడుకూ ఈ ఊళ్లోనే లేరు.

"పంచాయితీ పెట్టుకుందం," అన్నాడు ఓనరు కొడుకు పెద్ద ధర్మరాజులా. "సారు చెప్తడు. ఎవిడెన్స్ సంగతి సారుకు తెల్సినంత ఎవ్వరికి తెల్వది."

పంచాయితీకి ముందు రోజు సాయంత్రం నేను అమ్మను బతిమాలాను. "సున్నం గీకి చూపిద్దం అమ్మా. గంతకన్న ఇంకేం గావాలె?"

"గా మాట నోట్లకెళ్లి రానియ్యకు," అంది అమ్మ. "ఇల్లు పోతే పోనీ. ఫలానామె గోడల పగిలిన గాజులు పెట్టుకొని మొగన్ని మింగిందని బస్తీ అంత అనుకుంటే నేను బతుకుతనా?"

ఆదివారం వచ్చింది. ఆ రోజు పిరమిడ్లు తొందరగా ముగిశాయి. సారు వాకిట్లోకి వచ్చి, మా అర్ర ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఓనరమ్మను పీట మీద కూర్చోబెట్టారు. ఎదురింటి దర్జీ చాచాను సాక్ష్యం చెప్పమని నేనే పిలుచుకొచ్చాను.

"నేను చూసిన సాబ్," అన్నాడు చాచా. "జుమ్మా నమాజుకు పోతుంటే మట్టి తొక్కుతుండె. వాపస్ వచ్చేటాళ్లకు గోడ ఇంత లేస్తుండె. ఒక్కడే. మేస్త్రి లేడు, ఎవ్వడు లేడు."

సారు శ్రద్ధగా విన్నాడు. "మట్టి తొక్కడం మీరు చూశారు. నిజమే. కానీ మట్టి తొక్కినవాడు కట్టినవాడు కాదు కదండీ. ఆలోచన ఎవరిది? ప్లాను ఎవరిది? కూలీ పని ఎవరైనా చేస్తారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎడారిలో గోచీలవాళ్లకు జరిగిన న్యాయం మా బాపుకు లుంగీలో జరుగుతోంది.

"అయినా సార్," ఓనరు కొడుకు అందుకున్నాడు, "లక్క కరగవెట్టేటాయనకు గోడ కట్టుడు ఎట్లొస్తది?"

"ఎట్లొస్తదా? రాలే, గందుకే గట్లున్నది!" అని నేను అరిచాను. "గోడ చూడుండ్రి సార్. నడుమ కడుపొచ్చింది. చౌకట్టు ఒరిగింది. పైసలిచ్చి పెట్టుకున్న మేస్త్రి గిట్ల కడ్తడా?"

"మేస్త్రీల్లో పని చేతకానివాళ్లు ఉండరామ్మా?" అన్నాడు సారు జాలిగా.

చూశారా? పిరమిడ్ వంకరగా ఉంటే మనుషులది. మా గోడ వంకరగా ఉంటే మేస్త్రీది. తిన్నగా ఉంటే తెలివైన మేస్త్రీది అయ్యేది. ఎటు తిప్పినా బాపుకు మాత్రం దక్కదు.

"పెద్దాయన రాసిచ్చిన కాగితం ఏమైనా ఉందా?" అని అడిగాడు సారు. లేదన్నాను. "మరి ఆధారం లేకుండా ఎలాగమ్మా?" అన్నాడు. పళ్లెం మీద ఎగిరి వచ్చిన మనుషుల్ని అట్ట బొమ్మ చూసి నమ్మినవాడు ఆ మాట అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు. సారు వైపూ చూడలేదు. చౌకట్టు ఒరిగిన ఆ దర్వాజా వైపు చూస్తోంది. లక్క కరగబెట్టేవాడు గోడ కడతాడా అన్న మాట ఆమె ముఖంలో ఇంకా ఉంది. బాపును ఆమె ఎన్ని మాటలైనా అనేది. ఇంకొకరు అంటే పడేది కాదు.

లేచి లోపలికి పోయి రోకలి తెచ్చింది. ఏం చేస్తోందో ఎవరికీ అర్థంకాకముందే దర్వాజా పక్కన గోడ మీద రోకలి పొన్నుతో పొడిచింది. సున్నం పెళ్లగా లేచింది. మళ్లీ పొడిచింది. పెచ్చు ఊడి బండల మీద పడింది. లోపలి మట్టిలో, పొద్దుటి ఎండలో, బాపు గాజులు కనబడ్డాయి. ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపువి, నీలివి. నేను చిన్నప్పటి నుంచి విన్నవే గాని కళ్లతో చూడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

"పందికొక్కులు రావద్దని పెట్టిండు," అంది అమ్మ. "లాడ్ బజార్ల కెళ్లి బస్తాలల్ల మోసుకొచ్చిండు. నేను లొల్లి పెడితే సున్నం పూసిండు. ఏ మేస్త్రి పెడ్తడో చెప్పుండ్రి."

చాచా, "యా అల్లా," అన్నాడు. సారు కుర్చీలోంచి లేచి, వంగి, వేలితో ఒక పెంకును పొడిచి చూశాడు. అది మట్టిలో బిగుసుకుపోయి ఉంది. "ఇవి తర్వాత ఎవరైనా దూర్చి ఉండవచ్చు," అన్నాడు. నిజంగా అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే, ఆ మనిషి మీద కోపం కూడా దండగ అనిపిస్తుంది.

ఓనరమ్మ మోకాళ్లు పట్టుకుని పీట మీంచి లేచింది. గోడ దగ్గరికి వచ్చి చూసింది. కొడుకు వైపు తిరిగింది.

"మీ నాయిన కట్టిపిచ్చిండంటివి గదరా? ఇంట్ల ఒక్క గాజు పెంకు కండ్లవడ్డా మీ నాయిన ఒర్రుతుండె. నేను ఊడ్చినంక మల్ల చేటల ఎతుకుతుండె. 'పగిలింది' అనే మాట నోట్లకెళ్లి రానియ్యకపోతుండె. గసొంటి మనిషి గోడ నిండ పగిలిన గాజులు పెట్టిపిస్తడా? గా మేస్త్రిని ఆన్నే తరిమికొడ్తుండె."

ఓనరు కొడుకు సారు వైపు చూశాడు. సారు గోడ వైపు చూశాడు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ ఓనరమ్మ ఆ గాజుల వైపు మళ్లీ చూసి, ముక్కు మీద వేలేసుకుని, అమ్మతో అంది: "ఎంత పని చేసిండే నీ మొగడు! గివి లోపట పెట్టుకొని సంసారం చేసినవా? గిందుకేనే నీ చేతుల గాజులు పోయినయి."

అన్ని ఏళ్లూ అమ్మ భయపడ్డ మాట అదే. పదిమందిలో, పట్టపగలు, ఆమె ముఖం మీదే పడింది. నేను మీదికి పోబోయాను. అమ్మ చేయి అడ్డం పెట్టింది. ఆమె ఓనరమ్మ ముఖం వైపు చూడటం లేదు. కిందికి, ఆమె చేతుల వైపు చూస్తోంది. మొగుడు పోయి ఏడాది తిరగని ఆ చేతులు అమ్మ చేతుల్లాగే బోసిగా ఉన్నాయి.

"మీ గోడలల్ల ఒక్క పెంకు గూడ లేకపాయె గదక్కా," అంది అమ్మ.

ఎత్తిపొడుపుగా అనలేదు. తనకే అప్పుడే తట్టినట్టు, మెల్లగా, ఆశ్చర్యంగా అంది. ఓనరమ్మ తన మణికట్లు చూసుకుంది. కొంగు కిందికి లాగి వాటిని కప్పుకుంది. నేను అమ్మ ముఖం చూశాను. బాపు పోయినప్పటి నుంచి ఆమె ఎవరికీ చెప్పకుండా మోసింది ఆ ఒక్క మాటతో దిగిపోయింది. నాకు అంతకంటే గొప్ప ఆనందం ఇంకొకటి గుర్తులేదు.

"గా అర్ర దానిదే," అంది ఓనరమ్మ కొడుకుతో. "నేనున్నన్ని దినాలు దాని జోలికి పోకు. నేను పోయినంక గూడ పోకు." చాచా చేయి పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

సారు స్కూటరు దగ్గర నిలబడి, శాస్త్రీయంగా చూస్తే ఇది నిరూపణ కిందికి రాదని గల్లీలో ఎవరికో వివరిస్తుంటే విన్నాను. పైవారం మళ్లీ వచ్చాడు. ఆ వారం పిరమిడ్లను సముద్రంలో మునిగినవాళ్లు కట్టారట. నేను ఛాయ్ పట్టుకుపోవడం మానేశాను. ఓనరు కొడుకు ట్రే పట్టుకుని వాకిలి దాటుతుంటే మా అర్రలోంచి కనబడేది. కప్పులు పట్టుకోవడం అతనికి అసలు రాదు. సాసర్లలో సగం ఛాయ్ ఉండేది.

సారుగారి సంగతి సరే. అమ్మ ఆ మర్నాడు కాజాలు కుట్టడానికి ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంది.

దసరాకు సున్నం వేసే మనిషి వచ్చాడు. అర్ర చుట్టూ వేసుకుంటూ దర్వాజా పక్కకు వచ్చి, ఊడిన చోట మట్టి మెత్తి సాపు చేస్తానన్నాడు. అమ్మ లోపలి నుంచి పరుగున వచ్చింది.

"అంత మేర ఇడిశిపెట్టు కొడుకా."

"ఏందమ్మా గిది, గోడల గాజులు?" అని అడిగాడు అతను.

"మా ఇంటాయన కట్టిండు," అంది అమ్మ.